అంటు పట్టేదాకా

నా ఎడమ మోకాలు పోయింది కబడ్డీలో. ట్రయథ్లాన్ చేసే సార్ అని నలుగురిలో పేరు తెచ్చుకుని, కనుమ పండగ నాడు కబడ్డీ ఆడి మోకాలు పోగొట్టుకున్నానని చెప్పుకోవడానికి చాలా రోజులు సిగ్గుపడ్డాను.

2023 అక్టోబర్‌లో గోవాలో 70.3 ట్రయథ్లాన్ పోటీ పూర్తి చేసి వచ్చాను. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, ఒడ్డుకు రాగానే 90 కిలోమీటర్ల సైకిలు, దిగగానే 21.1 కిలోమీటర్ల పరుగు. మూడూ మైళ్ళలో కూడితే 70.3 వస్తుంది, అందుకే ఆ పేరు. ఎనిమిదిన్నర గంటల గడువుంటే నాకు ఏడు గంటల నలభై నిమిషాలు పట్టింది. కర్నూలుకు తిరిగొచ్చాక స్టాఫ్‌రూంలో మా సోషల్ సార్ అడిగిన మొదటి ప్రశ్న, "ప్రైజు ఎంతొచ్చింది సార్?" ఏమీ రాలేదన్నాను. ఎంట్రీ ఫీజు కూడా నేనే కట్టుకున్నానని తెలిశాక ఆయన ఇంకేమీ అడగలేదు.

2024 జనవరి 16, కనుమ. కోడుమూరు దగ్గర మా ఊళ్ళో ఏటా పెళ్ళయినవాళ్ళకూ కానివాళ్ళకూ కబడ్డీ పెడతారు. నాకప్పటికి 41 ఏళ్ళు. ఈదినా, తొక్కినా, పరిగెత్తినా ముందుకే పోవడం అలవాటైన ఒళ్ళు నాది. పక్కకు తిరగడం ఎప్పుడో మరిచిపోయింది. కూతకు పోయి ఒక పిల్లోడిని తాకి గీత వైపు మళ్ళాను. పాదం మట్టిలో నాటుకుపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. లోపల టప్పుమంది. నాకొక్కడికే వినిపించిందనుకున్నాను గానీ, గీత బయట నిలబడ్డవాళ్ళకూ వినిపించిందట. పొద్దుగూకేసరికి మోకాలు కొబ్బరిబోండాంలా ఉబ్బింది.

మొదట చూపించిన చోట ఎక్స్‌రే తీసి, "ఎముక బాగుంది, వారం రెస్టు తీసుకోండి" అన్నారు. ఎక్స్‌రేలో ఎముకే కనిపిస్తుంది, ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ కనిపించదు. అసలు గుర్తు ఆ పొద్దే ఉంది: దెబ్బ తగిలిన రెండు మూడు గంటల్లోనే మోకాలు అంత ఉబ్బిందంటే లోపల రక్తం చేరిందని, లిగమెంట్ తెగిందేమో చూడాలని అర్థం. ఈ ముక్క నాకు నెల తర్వాత తెలిసింది. ఊళ్ళో మాత్రం అందరిదీ ఒకటే మాట, పుత్తూరు పోయి కట్టు వేయించుకో అని. మా మేనమామ అప్పటికే కారు మాట్లాడేశాడు. సీమలో ఎవరి కాలు ఎట్లా బెణికినా ముందు వినిపించేది పుత్తూరు కట్టే. నాయనే అడ్డం పడినాడు. "ఎముక విరగలేదంటాండారు గదా, ఇంగ కట్టు దేనికి కడతావు?" అని.

రెండు వారాలకు వాపు తీసింది. బడికి పోయాను. ఫిబ్రవరి మొదట్లో మెట్లు దిగుతూ వెనక పిల్లల్ని కేకేయడానికి కొంచెం పక్కకు తిరిగాను. మోకాలి పైభాగం ఒక దిక్కుకూ కింది భాగం ఒక దిక్కుకూ పోయినట్టయి రెయిలింగ్ మీద పడ్డాను. నొప్పి అంతగా లేదు. నా కాలు నాది కాదనిపించిన ఆ అర సెకను మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఎంఆర్ఐలో తేలింది. ఏసీఎల్, అంటే మోకాలి నడిమధ్య తొడ ఎముకనూ కాలి ఎముకనూ కట్టి ఉంచే లిగమెంట్, పూర్తిగా తెగింది. లోపలి వైపు మెనిస్కస్ చిరిగింది. మనవాళ్ళు మోకాట్లో గుజ్జు అని కలిపేసి చెప్పే దాంట్లో మెనిస్కస్ ఒక భాగం, రెండు ఎముకల మధ్య చంద్రవంకలా ఉండే మెత్త. సైకిలుకూ ఈతకూ ఏసీఎల్ లేకపోయినా నడుస్తుందని ఎక్కడో చదివి, ఆపరేషన్ తప్పించుకుందామని డాక్టరుతో వాదించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "కొందరికి నడుస్తుంది. మీకు మెట్ల మీదే జారుతోంది. జారిన ప్రతిసారీ మెనిస్కస్ ఇంకొంచెం చిరుగుతుంది. ఇప్పుడైతే కుట్టొచ్చు, ఆలస్యమైతే కత్తిరించాలి" అన్నాడు. కుట్టించుకోవడమే మేలనిపించింది.

ఫిబ్రవరి 22, గురువారం. వెన్నులో మత్తు సూది ఇచ్చారు కాబట్టి మెలకువగానే ఉన్నాను. చూస్తారా అని మానిటర్ నా వైపు తిప్పారు. మోకాట్లోకి సెలైన్ ఎక్కిస్తూ చేస్తారు కదా, ఆ నీళ్ళలో నా తెగిన లిగమెంట్ పీచులు బావి గోడ మీది నాచులా ఊగుతున్నాయి. అదే తొడ వెనక నుంచి రెండు నరాలు, అంటే కండను ఎముకకు కట్టే టెండన్లు, తీసి, మడిచి పేని, ఎముకల్లో సొరంగాలు తొలిచి అందులోంచి లాగి బిగించారు. డ్రిల్లు శబ్దం వింటుంటే మా చేలో బోరు వేయించిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు 400 అడుగులు పోయినా నీళ్ళు పడలేదు. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందిరా దేవుడా అనుకున్నాను.

బయట డాక్టరు నాయనకు "గ్రాఫ్ట్ వేశాం, బాగా కూర్చుంది" అని చెప్పి వెళ్ళాడట. అదేందిరా అని నాయన నన్నడిగాడు. "అంటు కట్టినారు నాయనా" అన్నాను. ఆ మాటతో ఆయనకు మొత్తం అర్థమైపోయింది. మా చేలో పదైదు బేనిషా మామిడి చెట్లున్నాయి, అన్నీ ఆయన చేతి అంట్లే. మంచం పక్కన కూర్చుని, "అంటు కట్టినాక కొమ్మ దాని రసంతో అదే కొన్నాళ్ళు పచ్చగుంటాది. పట్టిందిలే అని దారం ఇప్పినావనుకో, ఒక గాలికి ఊడి కింద పడతాది" అన్నాడు. నేను మత్తులో ఉన్నాను. ఊఁ అన్నాను.

మరుసటి రోజు పొద్దున తొడ బిగించమన్నారు. బిగించాను. ఏమీ కదలలేదు. కుడి తొడ బిగిస్తే రాయి. ఎడమది పిండని గుడ్డలా పడి ఉంది. మోకాట్లో వాపు ఉన్నప్పుడు మెదడే ఆ కండకు కరెంటు తగ్గించేస్తుందట, కాపాడుకోవడానికి. మూడో రోజుకు మోకాలి చిప్ప పైన చిన్న అదురు వచ్చింది. మా ఆవిడను పిలిచి చూపించాను. "ఏం కదిలింది? నాకేం కనపడలా" అంది.

మొదటి వారాల్లో అందరూ మోకాలు ఎంత వంగిందని అడుగుతారు. డాక్టరు మాత్రం ఎంత చాపగలుగుతున్నావని అడిగేవాడు. వంగడం తర్వాతైనా వస్తుంది. పూర్తిగా చాచడం మొదట్లో రాబట్టుకోకపోతే లోపల మచ్చ కండ పెరిగి జీవితాంతం కొంచెం కుంటు మిగలొచ్చు. మడమ కింద టవల్ చుట్టి పెట్టి, మోకాలిని గాల్లో వేలాడనిచ్చి పది నిమిషాలు ఊరికే పడుకోవాలి. రోజుకు ఐదుసార్లు. వినడానికి ఇదీ ఒక వ్యాయామమేనా అనిపిస్తుంది. గోవాలో చివరి ఐదు కిలోమీటర్ల కంటే ఆ పది నిమిషాలే నాకు ఎక్కువ అనిపించేవి. మా పాప స్కేలు తెచ్చి మోకాలి వెనక సందు కొలిచేది. "నాన్నా, ఇంకా సెంటీమీటరున్నర" అని ప్రకటించి పోయేది.

మెనిస్కస్ కుట్లవల్ల ఆరు వారాలు చంక కర్రలు, బ్రేసు. 90 డిగ్రీలు మించి వంచకూడదు. కింద కూర్చుని అన్నం తినడం లేదు, బాసిపట్లు లేవు. అద్దె ఇంట్లో కమోడ్ లేకపోతే ఏం చేస్తారో అది నేనూ చేశాను, ఆ కుర్చీ సంగతి ఇక్కడ వద్దు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి, నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు కాబట్టి. నాలుగో వారంలో సాక్సు వేసుకోబోతుంటే తొడ వెనక పటుక్కుమని లాగింది. గ్రాఫ్ట్ తెగిపోయిందని చెమటలు పట్టాయి. టెండన్ తీసిన చోట అట్లా లాగడం చాలామందికి మామూలేనట. వారంలో తగ్గింది. కోత కింద బయటి వైపు అరచేయంత చోట స్పర్శ పోయింది, అది కూడా మామూలేనట. ఇప్పటికీ అక్కడ దోమ కుట్టినా తెలీదు.

మొదట పోయిన ఫిజియోథెరపీ సెంటర్లో రోజూ అరగంట కరెంటు పెట్టి, వేడి పెట్టి పంపేవారు. నేను ఫోన్ చూసుకుంటూ పడుకునేవాడిని. ఆ కరెంటు వృథా అని కాదు, నిద్రపోయిన తొడ కండను లేపడానికి పనికొస్తుంది. కానీ కరెంటు వచ్చినప్పుడల్లా మనమూ బిగించాలి, ఆ మాట అక్కడ ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్‌లో వేరే చోటికి మారాను. అక్కడి మేడమ్ మొదటి రోజు మెషీన్ వైపే పోలేదు. టైలర్ టేపు తీసి, చిప్పకు 15 సెంటీమీటర్ల పైన రెండు తొడలూ కొలిచింది. కుడి 51, ఎడమ 47. కాగితం మీద రాసి, "ఇది సమానమయ్యేదాకా మీరు ట్రయథ్లెట్ కాదు, పేషెంట్" అంది. కోపమొచ్చింది. రోజూ పోయాను.

ఏప్రిల్ 9 ఉగాది. చంక కర్రలు పక్కన పెట్టి అప్పటికి ఐదు రోజులు. పచ్చడి తిని మేడ మీదికి పోయాను, సైకిల్ ట్రెయినర్ మీద బిగించి ఉంది. రోడ్డు మీద కదలకుండా ఒకే చోట తొక్కే ఏర్పాటు అది. సీటు రెండు వేళ్ళు పైకి ఎత్తాను, సీటు ఎత్తు పెరిగితే మోకాలు తక్కువ వంగుతుంది. ఎక్కి కూర్చున్నాను. పెడల్ పైకి వచ్చే చోట మోకాలు ఆగిపోయింది. వెనక్కి తిప్పాను, అటు వైపూ ఆగింది. ఊయల ఊపినట్టు సగం ముందుకు, సగం వెనక్కు. మూడు రోజులు అంతే. నాలుగో రోజు వెనక్కి తొక్కుతుంటే కటుక్కున ఒక చుట్టు తిరిగిపోయింది. ముందుకు మాత్రం రాలేదు. ముందుకు తిరగడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. 90 కిలోమీటర్లలో ఎన్ని వేల చుట్లు తిరిగి ఉంటాయో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. ఆ పొద్దు మాత్రం పెద్దగా లెక్కపెట్టాను, పదకొండు. కింద నుంచి మా ఆవిడ "ఎవరితో మాట్లాడతాన్నావు?" అని అరిచింది.

ఆ ఏడు ఎండలు చెప్పక్కర్లేదు. 44, 45 అంటూ పేపర్లో కర్నూలూ నంద్యాలా పోటీ పడ్డాయి. మేడ మీద గదిలో కూలర్ పెట్టుకున్నా, ఇరవై నిమిషాలు తొక్కితే కింద మడుగు కట్టేది. మే 13న ఎన్నికలు. టీచర్లందరికీ డ్యూటీలు పడ్డాయి, నాకు మెడికల్ గ్రౌండ్స్ మీద మినహాయింపు వచ్చింది. "డ్యూటీ తప్పించుకోవడానికి ఇంత పని చెయ్యాల్నా సార్, చెప్పింటే మేమూ చేయించుకునేవాళ్ళం గదా" అని ఫోన్లో ఒకాయన. ఓటు వెయ్యడానికి పోయి క్యూలో గంటకు పైగా నిలబడ్డాను. సాయంత్రానికి మోకాలు ఉబ్బింది. అరగంట తొక్కితే రాని వాపు ఊరికే నిలబడితే వచ్చింది. కదిలే మోకాలికంటే నిలబడే మోకాలికే కష్టమని ఆ రోజు తెలిసింది.

ఈత అప్పటికే మొదలైంది. తొమ్మిదో వారంలో, కోతలు పూర్తిగా మానాక, 25 మీటర్ల పూల్‌కు పోయాను. వేసవి క్యాంపు పిల్లలు రాకముందే, ఐదున్నరకు. కాళ్ళు ఆడించకుండా తొడల మధ్య పుల్ బాయ్ పెట్టుకుని చేతులతోనే ఈదాలి. పుల్ బాయ్ అని పెద్ద పేరు గానీ, అది మన బావుల్లో కట్టుకునే బెండే. నాకు ఏడేళ్ళప్పుడు నాయన నడుముకు బెండ్లు కట్టి మా బావిలోకి తోసేశాడు. ముప్పై నాలుగేళ్ళకు మళ్ళీ బెండు దగ్గరికొచ్చాను. కప్ప ఈత మాత్రం బొత్తిగా వద్దన్నారు. అందులో మోకాలు వంచి పక్కకు విసురుతాం, కొత్త గ్రాఫ్ట్‌కూ కుట్లకూ అంతకంటే చెడ్డ తన్ను ఇంకోటి లేదు. గోడను కుడి కాలితోనే తన్నాలి. నాలుగైదు రోజులు మరిచిపోకుండా ఉండటానికి ఎడమ బొటనవేలికి ఎర్రదారం కట్టుకున్నాను. మొదటి రోజు 200 మీటర్లు. నెలకు 1500. చెప్పుకోకూడదు గానీ, కాలు పాడయ్యాక నా ఈత బాగుపడింది. వంద మీటర్లు 2 నిమిషాల 25 సెకన్ల నుంచి 2:12కు వచ్చింది. ఇన్నేళ్ళూ కాళ్ళు ఎక్కువ ఆడించి చేతుల తప్పులు కప్పిపుచ్చుకున్నానని తేలింది.

మే చివర్లో ఒక పొద్దున నడకకు పోయాను. అప్పటికి నొప్పి పూర్తిగా పోయింది. మెట్లు ఎక్కుతున్నాను, బండి తోలుతున్నాను. కాలనీ మలుపులో ఒక కుక్క వెంటపడింది. ఆలోచించేలోపే ఇరవై ముప్పై అడుగులు పరిగెత్తాను. ఆగి చూసుకుంటే ఏమీ కాలేదు. నొప్పి లేదు, జారలేదు. ఎంత సంబరమంటే, ఇంటికి పోకుండా నేరుగా మేడమ్ దగ్గరికి పోయి చెప్పాను, పరిగెత్తాను మేడమ్ అని.

ఆమె ముఖం మాడిపోయింది. కూర్చోమని, ఆపరేషన్ రోజు డాక్టరు చెప్పని సంగతి ఒకటి చెప్పింది, లేదా ఆయన చెప్పినా నేను వినలేదేమో. తొడ నుంచి తీసి మోకాట్లో పెట్టిన టెండన్‌కు అక్కడ రక్తం అందే దారి ఉండదు. అందులోని పాత కణాలు చాలావరకు చచ్చిపోతాయి. చుట్టుపక్కల నుంచి కొత్త రక్తనాళాలు పాకి, కొత్త కణాలు చేరి, అది నెమ్మదిగా లిగమెంట్‌లా మారాలి. ఈ మార్పు జరిగేటప్పుడు, దాదాపు రెండో నెల మూడో నెలల్లో, గ్రాఫ్ట్ పెట్టిన రోజుకంటే కూడా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా మనకు నొప్పి పోయేది కూడా అప్పుడే. "మీకు బాగైపోయిందనిపించే వారాలే నాకు భయం" అంది.

నేనేమీ మాట్లాడలేదు. కొమ్మ దాని రసంతో అదే కొన్నాళ్ళు పచ్చగుంటాది. ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని నాయన చెప్పింది ఇదే కదా. ఎనిమిదో తరగతి చదివిన మనిషి మూడు నెలల ముందే చెప్తే ఊఁ కొట్టి నిద్రపోయాను. ఆ సాయంత్రం ఫోన్ చేసి కుక్క సంగతి చెప్పాను. "దారం ఇప్పొద్దంటి గదరా" అన్నాడు. తర్వాత వానలు పడతాయో లేదో అని వేరే మాటల్లోకి పోయాడు.

పరుగుకు అనుమతి జూన్ చివర్లో, నాలుగు నెలలు నిండాక. దానికీ పరీక్ష పెట్టింది. ఒంటికాలి మీద ఇరవైసార్లు మడమ ఎత్తాలి. మెట్టు మీద నిలబడి ఒంటికాలితో దిగేటప్పుడు మోకాలు లోపలికి పడకూడదు. అద్దం ముందు చూస్తే నా ఎడమ మోకాలు సిగ్గుపడే పెళ్ళికూతురిలా కుడి వైపుకు వాలిపోయేది. రెండు వారాలు మెట్టు దిగడమే నా ట్రెయినింగ్.

అవుట్‌డోర్ స్టేడియంలో మొదటి రోజు లెక్క ఇది: ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఎనిమిదిసార్లు. నా పక్కన పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు ఈలలేసుకుంటూ పోతున్నారు. నా అడుగుల చప్పుడు నాకే వింతగా ఉంది. కుడి కాలు దబ్బుమని పడుతోంది, ఎడమ కాలు దొంగలా చప్పుడు లేకుండా ఆనుతోంది. దాన్ని నేను నమ్మడం లేదని ఆ చప్పుడే చెప్తోంది. అయినా ఆరు నెలల తర్వాత పరిగెత్తుతున్నాను కదా, ఎనిమిది అయ్యాక ఆగబుద్ధి కాలేదు. పన్నెండు చేశాను. మరుసటి పొద్దున చిప్ప పక్క గుంటలు పూడిపోయాయి. మోకాలి లోపలి వైపు అరచేత్తో పైకి నిమిరి, బయటి వైపు నుంచి కిందికి నిమిరితే లోపలి వైపు అలలా ఉబ్బుతుంది, అంటే నీరు చేరిందని. అలలే వచ్చాయి. పది రోజులు పరుగు బంద్.

అప్పటినుంచి పరుగు ఎలా ఉందని పరిగెత్తేటప్పుడు చూసుకోవడం మానేశాను. జవాబు మరుసటి రోజు పొద్దున పళ్ళు తోముకోకముందు మోకాలు నిమిరినప్పుడే. అల లేకపోతే ఒక నిమిషం పెంచడం, ఉంటే రెండు మెట్లు వెనక్కి.

జూలైలో సైకిలు రోడ్డెక్కింది. బూటు పెడల్‌కు అతుక్కునే క్లీట్ పెడళ్ళు తీసేసి మామూలువి వేశాను. క్లీట్ ఊడదీయాలంటే మడమను బయటికి మెలి తిప్పాలి, మోకాలికి ఆ మెలికే వద్దు. నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు రాళ్ళదాకా పోయి రావడం నా పాత అలవాటు. ఆషాఢం గాలి మన దిక్కున ఎట్లా ఉంటుందో చెప్పాలా? పోయేటప్పుడు వీపు మీద చెయ్యేసి తోసింది, నేనింకా మునుపటిలాగే తొక్కుతున్నానని మురిసిపోయాను. వెనక్కి తిరిగాక ఆ చెయ్యి రొమ్ము మీదికొచ్చింది. మునుపైతే పెద్ద గేరు వేసి పంతం పట్టేవాడిని. ఇప్పుడు చిన్న గేరులో కాళ్ళు గబగబా ఆడించుకుంటూ గంటకు 14 కిలోమీటర్లతో వచ్చాను. టమోటా బుట్టలతో మోపెడ్ మీద పోయే పెద్దాయన దాటిపోతూ, నిలబడి, "పంచరా?" అని అడిగాడు.

ఆగస్టుకు ఆశలు పెరిగాయి. అక్టోబర్‌లో గోవాకు ఒక రిలే జట్టులోనైనా పోదామా, ఈత ఒక్కటే నేను చేస్తే పోదా అని మిత్రులు కదిలించారు. అలల్లో ఈదాలంటే ముందు పారే నీళ్ళలో అలవాటు కావాలి. కర్నూలు పక్కనే పారే తుంగభద్ర ఏట్లో వరద తగ్గాక సంకల్‌బాగ్ ఘాట్ దగ్గర దిగుదామని లెక్క వేసుకుంటూ ఉండగానే, ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. నది ఒడ్డు ఊళ్ళన్నిటికీ హెచ్చరికలు. మరుసటి రోజు ఘాట్ పైన జనంతో పాటు నేనూ నిలబడి చూశాను. డెబ్బై ఏళ్ళ గొలుసు తెగిందట అని పక్కనెవరో అంటుంటే, నా చెయ్యి నాకు తెలీకుండానే మోకాలి మీదికి పోయింది. వారం లోపలే ఆ సందుకు అడ్డు పలకలు, అంటే స్టాప్‌లాగ్‌లు దించి నీళ్ళు ఆపారు. నేను మాత్రం మిత్రులకు ఫోన్ చేసి ఈ ఏడు రానని చెప్పేశాను. ఏరు కారణమని వాళ్ళకు చెప్పాను. అసలు కారణం భయం.

ఆ భయం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో నాకు ఏ నొప్పీ లేదు, వాపూ లేదు. ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తుతున్నాను. కానీ తారు రోడ్డు మీద చిన్న కంకర రాయి కనిపిస్తే నడకలోకి దిగేవాడిని. బడిలో పిల్లలు ఖోఖో ఆడుతుంటే అటువైపు చూడలేకపోయేవాడిని. గోవా ఫలితాలు వచ్చిన రోజు ఫోన్ స్విచ్చాఫ్ చేసి జొన్నరొట్టె, చెనిగ్గింజల పొడి తిని పడుకున్నాను. ఆపరేషన్‌కు ముందు 71 కిలోలుండేవాడిని, అప్పటికి 76. ఆదివారం ఉగ్గాని బజ్జీలకు కూడా అందులో వాటా ఉంది.

నవంబర్ 22కు తొమ్మిది నెలలు. ఆ రోజు అసలు పరీక్ష, ఒంటికాలి గెంతు. ఒక కాలి మీద నిలబడి ముందుకు గెంతి అదే కాలి మీద తూలకుండా నిలబడాలి. కుడి 142 సెంటీమీటర్లు, ఎడమ 119. అంటే 84 శాతం. కనీసం 90 రావాలి. తొమ్మిది నెలలు నిండాయి కదా డాక్టర్ అంటే, "నెలలూ నిండాలి, కాలూ నిండాలి" అన్నాడు. 2016లో వచ్చిన ఒక పరిశోధన గురించి చెప్పాడు. తొమ్మిది నెలల దాకా ఆట మొదలుపెట్టకుండా ఒక్కో నెల ఆగినకొద్దీ మళ్ళీ గాయపడే అవకాశం దాదాపు సగానికి సగం తగ్గుతూ పోయిందట. అయితే అది మెలికలు తిరిగే ఆటలాడేవాళ్ళ సంగతి. "మీరు కబడ్డీ ఆడరు కదా?" అన్నాడు. మా ఆవిడ పక్కనే ఉంది. ఆడనన్నాను.

ఇంకో నాలుగు వారాలు. ఒంటికాలి స్క్వాట్లు, బస్తా మోసినట్టు బార్‌బెల్, మెట్టు మీద నుంచి దూకి చప్పుడు లేకుండా ఆనడం. డిసెంబర్ 20న కుడి 144, ఎడమ 133. మేడమ్ లెక్క వేసి 92 అని రాసింది. తొడ కొలిస్తే ఇంకా సెంటీమీటరు తేడా ఉంది. "పేషెంట్ అని కొట్టెయ్యొచ్చా?" అన్నాను. నవ్వి టేపు చుట్టేసింది.

ఏ పోటీకీ పేరివ్వలేదు. డిసెంబర్ 29 ఆదివారం మా ఊళ్ళోనే స్ప్రింట్ దూరాలు పెట్టుకున్నాను, 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. ఈత మా బావిలోనే. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు 12 మీటర్లు, కాబట్టి 63 సార్లు. లెక్క నాకు తప్పుతుందని నాయన గట్టు మీద కూర్చుని 63 చింతపిక్కలు ముందేసుకున్నాడు. నేనొకసారి గోడ తాకితే ఒక పిక్క ఈ కుప్ప నుంచి ఆ కుప్పకు. చలికి నీళ్ళు ఇనుములా ఉన్నాయి. బావి పాచి వాసన, గోడ సందులో పావురాలు. గోడను మాత్రం రెండు కాళ్ళతో తన్నాను.

అన్నింటికంటే భయపడింది బావి మెట్లు ఎక్కేటప్పుడు. తడి కాళ్ళు, నున్నగా అరిగిన రాళ్ళు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ వచ్చాను. గట్టు మీద గోనెపట్ట పరిచి మా పాప టవలూ బూట్లూ వరసగా పెట్టింది. "నాన్నా, టైం పోతాంది" అని ఒకటే తొందర. కోడుమూరు రోడ్డులో పది పోయి పది వచ్చాను. సైకిల్ దిగి పరుగు ఎత్తుకోగానే తొడలు రాళ్ళయ్యాయి. సైకిల్ తర్వాత ఎవరికైనా అంతే, మోకాలి సంగతి కాదు, అయినా మొదటి అర కిలోమీటరు మోకాలి వైపే చూస్తూ పరిగెత్తాను. తర్వాత కబడ్డీ ఆడిన బయలు వచ్చింది. అక్కడ పిల్లోళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. "అన్నా, ఈ పండక్కి జట్టులో ఉండావా?" అని ఒకడు అరిచాడు. చెయ్యి ఊపి పోయాను. మొత్తం 1 గంట 52 నిమిషాలు.

బావి దగ్గరికొచ్చి గట్టు మీద కూలబడ్డాను. అమ్మ మజ్జిగ ఇచ్చింది. నాయన లేచి వచ్చి గుప్పిట తెరిచాడు. అందులో ఒక చింతపిక్క.

"ఇది మిగిలిందిరా."

63 అయ్యాయని నేను, 62 అని ఆయన. కాసేపు గొడవపడ్డాం. పాప తాత పక్షం. బూట్లు విప్పి, గోడ పట్టుకుని మెట్లు దిగి, మళ్ళీ నీళ్ళలోకి పోయాను.